పెద్దాయన గది

నవంబరు 12

అక్కా,

ఈ ఉత్తరం తడిసి నీలంగా చేరితే తిట్టకు. ఎలక్ట్రోడ్ల డబ్బాలోనే మడిచి పెడుతున్నాను. ఇక్కడి నుంచి నీ దాకా వచ్చేది ఆ డబ్బా ఒక్కటే. ఫోను పలకాలంటే గుట్ట ఎక్కాలి, గుట్ట ఎక్కాక నాకు మాట పెగలదు, ఆయాసం. వ్యాను డ్రైవరు మాత్రం పది రోజులకోసారి ఠంచనుగా దిగుతాడు.

క్యాంపుకి కొత్త వంటమనిషి వచ్చాడు. నిన్న నా వెనకే పైపు లైను మీద నాలుగు కిలోమీటర్లు నడిచాడు, సరదాకి. గుర్తు స్తంభంలోంచి వచ్చే తీగని మీటరుకి ఒక పక్క తగిలించాను, నీలం గొట్టాన్ని రెండో పక్క తగిలించి దాని పింగాణీ అడుగుని తడినేల మీద ఆనించాను. "భూమికి సూదిమందు వేస్తున్నారా సార్?" అన్నాడు.

"కాదయ్యా, కింద గ్యాసు గొట్టం ఉంది. తుప్పు పడుతోందో లేదో అడుగుతున్నాను" అన్నాను.

"దాన్నే అడగొచ్చుగా?"

"ఇనుము తన సంగతి తాను చెప్పదు. పక్కన ఇంకోటి పెట్టి, రెండిటికీ మధ్య తేడా ఎంతో చూడాలి. ఇదిగో, ఇందులో ఒక రాగి కడ్డీ, మైలుతుత్తం నీళ్లు. దీన్ని రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ అంటారు. తేడా ఎనిమిది వందల యాభై మిల్లీవోల్టులు దాటితే గొట్టం క్షేమం. తగ్గితే తుప్పు. దీని అంకె మాత్రం ఎండొచ్చినా వానొచ్చినా ఉన్నచోటే ఉండాలి."

"మరి ఇదే కదిలితే?"

"కదలకుండా చూడ్డానికి మా అక్క ఉంది" అన్నాను. వాడు చాలా సంతృప్తిగా తలూపాడు, నిన్ను చూసినట్టే.

రెండు ఎలక్ట్రోడ్లు పంపిస్తున్నాను, పరీక్షించి చీటీ రాసి పంపు. నాన్న పోయి ఆరేళ్లయింది, ఆయన పనిచేసిన ఆ పరీక్షల గది నీ చేతికొచ్చీ అంతే. ఆయన కంటే శుభ్రంగా ఉంచుతున్నావని మీ సూపర్వైజరు అన్నాడట. డ్రైవరు చెప్పాడు.

నీ తమ్ముడు


నవంబరు 23

పిచ్చుకా,

నీలంగానే వచ్చింది. నలభై రెండేళ్లొచ్చినా మూత బిగించడం రాదు నీకు.

నీ రెండు గొట్టాలూ బాగానే ఉన్నాయి. తేడా డెబ్బై రెండు దగ్గర ఉండాలి కదా, ఒకటి డెబ్బై రెండు, ఇంకోటి డెబ్బై ఒకటి చూపించాయి. పెద్దాయన ఎదుట ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మీ వంటమనిషి ఈసారి "మీ అక్క దగ్గరున్నది కదిలితే?" అంటాడు చూడు. చెప్పు వాడికి. ఇక్కడ అలమరలో వేలెడంత గాజు గొట్టం ఒకటుంది. అడుగున పాదరసం, దాని మీద బూడిదరంగు ముద్ద, ఆ పైన పొటాషియం ఉప్పు నీళ్లు. ఇంకేమాత్రం కరగలేని ఉప్పు పలుకులు కొన్ని ఆ నీళ్లలో ఎప్పుడూ మిగిలి ఉండాలి. అవి ఉన్నంత వరకూ ఆ గొట్టం మాట తప్పదు. ఊళ్ల నుంచి వచ్చే ఎలక్ట్రోడ్లన్నీ దాని ముందు నిలబడి లెక్క చెప్పుకోవలసిందే. అందుకే నాన్న దానికి పెద్దాయన అని పేరు పెట్టారు. ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లు పని నేర్చుకున్నా, దాన్ని ముట్టుకోనిచ్చింది చివరి రెండేళ్లలోనే.

ఈ చలికాలం గదికి కొత్త హీటరు ఇచ్చారు. బల్ల కింద పెట్టించాను. కిటికీ సందులన్నిటికీ టేపు వేశాను. వేడి ఇరవై అయిదు దగ్గర నిలబడి కదలడం లేదు. చెక్క నేల ఎంత వెచ్చగా ఉందో! చెప్పులు తలుపు దగ్గర వదిలేసి పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా అక్కడే కూచుంటున్నాను. ఇంటికి పోబుద్ధి కావడం లేదు.

మఫ్లరు కట్టుకో. నీకు చెవి పోటు వస్తే ఆ గుట్టల్లో చూసేవాళ్లెవరూ లేరు.

అక్క


డిసెంబరు 10

అక్కా,

మఫ్లరు కట్టుకున్నాను, దొంగలా ఉన్నానని డ్రైవరు నవ్వాడు.

పంతొమ్మిదో గుర్తు దగ్గర అంకె నాకు నచ్చడం లేదు. కిందటి నెల ఎనిమిది వందల డెబ్బై ఉండేది. ఇప్పుడు ఎనిమిది వందల ఇరవై చూపిస్తోంది. ఆ స్తంభానికి ఆనుకునే క్వారీ పనివాళ్ల రేకుల ఇళ్లున్నాయి, ఇరవై కుటుంబాలు. అక్కడ తవ్వాలంటే వాళ్లందర్నీ లేపాలి. అంత రభస చేసి, తీరా తప్పు నా నీలం గొట్టానిదని తేలితే మొహం ఎక్కడ పెట్టుకోను? అందుకే అదే గొట్టం మళ్లీ పంపిస్తున్నాను. ఒకసారి నిలదీసి చూడు.

తమ్ముడు


డిసెంబరు 21

పిచ్చుకా,

నీ గొట్టానిదే తప్పు. మూడుసార్లు చూశాను. డెబ్బై రెండు రావలసినది ముప్పై రెండు వచ్చింది. నలభై పడిపోయింది. ఇక నుంచి దాంతో తీసిన ప్రతి అంకెకీ నలభై కలుపుకో. ఎనిమిది వందల ఇరవై అంటే ఎనిమిది వందల అరవై అన్నమాట. ఎవర్నీ లేపక్కర్లేదు. చీటీ జత చేశాను, ముద్ర వేసి.

పెద్దాయనకి ఈ మధ్య దాహం ఎక్కువైంది. హీటరు వేడికి కాబోలు, రెండు రోజులకోసారి నీళ్లు పోయవలసి వస్తోంది. పోస్తుంటే నా వంకే చూస్తుంటారు. నీ గొట్టం తీసి ముందు పెట్టగానే పెదవి విరిచారు.

నాకు నోరు బాగుండడం లేదు. ఏం తిన్నా తాళంచెవి చప్పరించినట్టుంది. పళ్లు తోముకుంటే రక్తం. నిన్న సూపర్వైజరు "ఏమ్మా, బాగున్నావా?" అని మామూలుగానే అడిగాడు. నాకెందుకో చచ్చేంత సిగ్గేసి అలమర వెనక్కి వెళ్లి నిలబడిపోయాను. ఆయన వెళ్లేదాకా రాలేదు. ముప్పై ఏళ్లుగా ఎరిగిన మనిషి! తల్చుకుంటే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం రాలేదు.

అక్క


జనవరి 4

అక్కా,

బతికించావు. నలభై కలుపుకుంటున్నాను, పంతొమ్మిదో గుర్తు గట్టెక్కింది. రేకుల ఇళ్లలో ఒక ముసలావిడ నాకు రోజూ మంచినీళ్లిస్తుంది. ఆవిణ్ణి సామాన్లతో సహా రోడ్డు మీద నిలబెట్టే పని తప్పింది.

పెద్దాయన పెదవి విరవడం చదివి పగలబడి నవ్వాను. గాజు గొట్టానికి పెదవులు కూడా మొలిపించావు. నోటి సంగతి పళ్ల డాక్టరుకి చూపించుకో, నవ్వులాట కాదు.

ఒక్క మాట. నీ చేతిరాత మారింది. నువ్వు గీసినట్టు రాస్తావని బడిలో నాకు నీ పలకే చూపించి కొట్టేవారు. ఈ ఉత్తరంలో గుడి, సున్నా అన్నీ వణుకుతున్నాయి. కళ్లజోడు మార్చవలసి వచ్చిందేమో.

ఇంకో ఎలక్ట్రోడు పంపిస్తున్నాను, ఇది కొత్తది, పోయిన నెలే పెట్టె విప్పాను.

తమ్ముడు


జనవరి 16

నా చేతిరాత సంగతి నీకెందుకు? అక్కడ కూచుని నా అక్షరాలు కొలుస్తున్నావా?

నీ కొత్తది కూడా చెడిపోయింది. ఇరవై తొమ్మిది. నలభై మూడు కలుపుకో. నీ చేతిలో పడ్డదేదీ నిలవదు.

ఎవరూ నన్ను నమ్మడం లేదు. సూపర్వైజరు తలుపు సందులోంచి చూస్తున్నాడు. అందుకే లోపల గడియ వేసుకుంటున్నాను. మేమిద్దరమే ఉంటే హాయిగా ఉంది. క్యారేజీలో ఇద్దరికి సరిపడా తెస్తున్నాను. ఆయన పాత కుర్చీలోనే కూచుంటారు, హీటరుకి కాళ్లు చాపుకుని. పెద్దగా మాట్లాడరు. నేను చీటీలు రాస్తుంటే అంకె సరిగ్గా వేశానో లేదో చూస్తారు. మొన్న నీ ఉత్తరం చదివి వినిపించాను. "వాడికి నవ్వులాటగా ఉందా?" అన్నారు.

నువ్వు నవ్వావని నాన్నకి బాధ కలిగింది. ఒక ముక్క రాయి ఆయనకి.


జనవరి 29

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నామీద కోపం ఉంటే తిన్నగా తిట్టు. ఇలా వద్దు. నాన్న చివరి రోజుల్లో నేను రాలేదు, నిజమే. అంతకు ముందు ఏడాది, ఆ గదిలో మన అమ్మతో మాట్లాడుతున్నానని ఆయన చెప్పినప్పుడు "అమ్మ పోయి పదేళ్లయింది, నీకు మతి పోయింది" అని అందరి ముందూ అరిచాను, అదీ నిజమే. ఆ రోజు వెళ్లిపోయినవాణ్ణి మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఆయన పోయారన్న సంగతి కూడా నీ ఉత్తరం చూసే తెలుసుకున్నాను. ఇన్నాళ్లూ నువ్వు ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అనదలుచుకుంటే అను, నేను పడతాను. కానీ ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి నాచేత ఉత్తరం రాయించుకోవడం మాత్రం వద్దు.

పని సంగతి. ఇది కోపంతో రాయడం లేదు. నువ్వు చెడిపోయాయన్న రెండింటినీ, ఇంతవరకూ పెట్టె విప్పని మూడోదాన్నీ ఒకే బకెట్టు నీళ్లలో నిలబెట్టి జతలు జతలుగా కొలిచాను. వాటి మధ్య తేడా ఒకటి, రెండు. అంతకు మించి లేదు. రెండూ విడివిడిగా చెడిపోతే విప్పని దానితో ఎలా కలుస్తాయి? పెద్దాయన్ని ఒకసారి తీసి వెలుతురులో చూడు అక్కా. ఉప్పు పలుకులు ఉన్నాయా? దాహం అంటూ నువ్వు పోస్తున్నది ఉప్పు నీళ్లా, ఉత్త నీళ్లా? కొన నుంచి ఉప్పు నీళ్లు ఊరిపోతూనే ఉంటాయి కదా, పోసేవి ఉత్తవైతే పలుకులు కరిగిపోయి ఆయన మాట తప్పుతాడు.

నేను నిన్ను తప్పుపట్టడం లేదు.

తమ్ముడు


ఫిబ్రవరి 30

పిచ్చుకా,

నాన్న పోయారని నీకెవరు చెప్పారు?

నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. బల్ల సొరుగులో అడుగున దాచాను. ఉప్పు పలుకుల సంగతి మాత్రం అడిగాను. వంగి చూసి, ఉన్నాయన్నారు. నాకు కనిపించలేదు కానీ ఆయనకి నాకంటే చూపు బాగుంది.

నేల కింద నుంచి చప్పుడు వస్తోంది. ఎలకలు కాదు. సన్నటి గజ్జెలు ఎవరో నెమ్మదిగా దొర్లించినట్టు. బయట లారీ వెళ్లినప్పుడల్లా వస్తుంది. నాన్నకి ఆ చప్పుడు ఇష్టం. విన్నప్పుడల్లా కళ్లు మూసుకుంటారు. నేను కూడా చెవి నేలకి ఆనించి పడుకుంటున్నాను, మధ్యాహ్నాలు. వెచ్చగా ఉంటుంది.

చెయ్యి ఆగడం లేదు. ఈ నాలుగు ముక్కలకీ పొద్దంతా పట్టింది.

నాన్నకి నీ మీద కోపం లేదట. "వాడు అన్నది నిజమేనే, నాకు మతి పోయింది. ఒకసారి రమ్మను" అన్నారు. రమ్మన్నారు, విన్నావా? ఎందుకు రావు?


ఫిబ్రవరి 24

అక్కా,

నీ ఉత్తరం పదో తారీఖున చేరింది. దాని మీద నువ్వు వేసిన తేదీ ఏ ఏడాదిలోనూ రాదు.

నాకేమైందో దాచకుండా చెప్తాను. "నీకెవరు చెప్పారు" అన్న ఆ ఒక్క వాక్యం చదివాక నా కాళ్ల కింద నేల లేదు. ఎందుకంటే నాకు చెప్పింది నువ్వే. ఇంకెవరూ చెప్పలేదు. నేను చూడలేదు. ట్రంకుపెట్టె బోర్లించి ఆరేళ్ల కిందటి నీ ఉత్తరం వెతికాను. దొరికింది. "నిన్న ఉదయం నాన్న పోయారు" అని గీసినట్టున్న అక్షరాలు. దాన్నీ దీన్నీ మంచం మీద పక్కపక్కన పెట్టుకుని కూచున్నాను. రెండూ మా అక్క రాసినవే. ఒకదాంట్లో ఆయన పోయారు, ఇంకోదాంట్లో నన్ను రమ్మంటున్నారు. చిన్నప్పటి నుంచి నాకేది నిజమో నువ్వు చెబితే తెలుసుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నాకు నిజంగానే అనిపించింది, మతి తప్పింది నాకేనని, నాన్న ఆ కుర్చీలో ఉన్నారని, నేనే ఏదో కలగని ఆయన్ని చంపేసుకున్నానని. 

మర్నాడు పంతొమ్మిదో గుర్తు దగ్గరికి వెళ్లి నలభై కలపడం ఆపేశాను. వట్టి అంకె, ఎనిమిది వందల పదిహేను. అధికారుల కాళ్లావేళ్లా పడి రేకుల ఇళ్లవాళ్లని క్వారీ షెడ్డులోకి మార్పించి తవ్వించాను. గొట్టం పూత వలిచినట్టు ఊడిపోయి ఉంది. దాని కింద ఇనుములో గోరు దిగేంత గుంటలు, అరచేతి మేర. ఇంకో వానాకాలం ఆగేది కాదన్నాడు వెల్డరు. ముసలావిడ ఆ గోతి అంచున నిలబడి "దీని మీదేనా మేం పొయ్యిలు వెలిగించుకుంటున్నది?" అంది.

అప్పుడు డ్రైవర్ని బతిమాలాను. "మా అక్క గదికి వెళ్లి, నేనేమీ చెప్పలేదన్నట్టుగా, చూసింది చూసినట్టు వచ్చి చెప్పు" అని. నిన్నూ నన్నూ పట్టి చూడ్డానికి మూడో మనిషి కావాలి కదా. నిన్న వచ్చి చెప్పాడు. చాలాసేపు తలుపు తియ్యలేదట నువ్వు. తీశాక టీ ఇచ్చావట, మూడు గ్లాసులు. ఒకటి అతనికి, ఒకటి నీకు, ఒకటి ఖాళీ కుర్చీ ముందు. "మీ అక్కగారు ఆ కుర్చీ వైపు తిరిగి, చక్కెర సరిపోయిందా అని అడిగారు సార్. కాసేపు ఆగి, సరేలెండి అని ఇంకో చెంచా వేశారు. నేను టీ తాగకుండా లేచొచ్చేశాను" అన్నాడు. చేతులు వణికి సగం టీ బల్ల మీదే పోయిందట. చిగుళ్ల వెంబడి నల్లటి గీత ఉందట.

ఈ మాటలన్నీ తీసుకెళ్లి క్యాంపు డాక్టరు ముందు పెట్టాను. అంతా విని ఒక్కటే అడిగింది. "మీ అక్క పాదరసం ఉన్నచోట పనిచేస్తారా?"

అక్కా, నాకు పదకొండేళ్లప్పుడు ఆ గదిలో నాన్న చేతిలోంచి పాదరసం పెద్ద సీసా జారిపడింది, గుర్తుందా? నువ్వు గుమ్మంలో ఉన్నావు. వెండి గోళీలు నేలంతా పరిగెత్తాయి. నేను వాటి వెనక పాకాను, అవి పలకల సందుల్లోకి దూరిపోతుంటే చప్పట్లు కొట్టాను. దొరికినంత ఎత్తి, "సూపర్వైజరుకి చెప్పకండర్రా" అన్నారు నాన్న. మిగిలింది ఎక్కడికి పోతుంది? కిందే ఉంది. పాదరసానికి వేడి తగిలితే కంటికి కనబడని ఆవిరి లేస్తుందట. మూసిన గదిలో అదే గాలి పీలిస్తే ముందు నోరు చెడుతుంది, తర్వాత చెయ్యి, ఆ తర్వాత తల. మనుషులంటే సిగ్గు, అనుమానం. లేనివాళ్లు కనిపించడం. అన్నీ వరసగా చెప్పింది డాక్టరు, నీ ఉత్తరాలు చదివినట్టే.

హీటరు ఆపు. కిటికీ టేపు పీకెయ్యి. ఆ గదిలోంచి ఇవాళే బయటికి వచ్చెయ్యి. నాన్న అక్కడ లేరు. ఈ ఉత్తరం డ్రైవరు చేతికే ఇచ్చి పంపిస్తున్నాను. ఎల్లుండి బయల్దేరే బస్సులో నేను వస్తున్నాను.

తమ్ముడు


మార్చి 18

(నర్సు చేత రాయిస్తున్నాను. నా చెయ్యి పెన్ను పట్టుకోవడం లేదు.)

నన్ను రెక్క పుచ్చుకుని గదిలోంచి లాక్కొచ్చావు. కుర్చీలోంచి ఆయన చూస్తూనే ఉన్నారు. "నాన్నా, చెప్పండి వీడికి" అని అరిచాను. నువ్వు ఆయన మీంచే చెయ్యి పోనిచ్చి కిటికీ తీశావు. ఆయన లోపల ఉండగా తలుపుకి తాళం వేశావు.

ఇక్కడ మందులిస్తున్నారు. అవి పాదరసాన్ని ఒంట్లోంచి తీసేస్తాయట. ఈ ఊరికి ఆయనకి దారి తెలియదు, అయినా రెండుసార్లు వచ్చారు. ఈ మధ్య తలుపు దగ్గరే నిలబడిపోతున్నారు, లోపలికి రావడం లేదు. నర్సు అటు చూసి ఎవరూ లేరంటుంది.

తాళం తియ్యి. ఆయనకి భోజనం ఎవరు పెడుతున్నారు?


ఏప్రిల్ 5

అక్కా,

నిన్న తాళం తీశాం. సూపర్వైజరూ, వడ్రంగీ, నేనూ. ముగ్గురం మొహాలకి మాస్కులు కట్టుకుని, కిటికీలు తెరిచి రెండు గంటలు ఆగి లోపలికి వెళ్లాం. ముందుగా పెద్దాయన్ని వెలుతురులోకి పట్టుకొచ్చాను. ఒక్క ఉప్పు పలుకు లేదు. నీళ్లు తేటగా, వట్టిగా ఉన్నాయి. ఆ పక్కనే ఉప్పు నీళ్ల సీసా మూత కూడా విప్పకుండా ఉంది. మూడు నెలలుగా నువ్వు పోసింది ఉత్త నీళ్లే. నవంబరు తర్వాత నువ్వు రాసిన చీటీలన్నిటినీ వెనక్కి రప్పిస్తున్నాడు సూపర్వైజరు. నిన్ను ఒక్క మాట అనలేదు. హీటరు ఆ గదిలో పెట్టించమని సంతకం పెట్టింది తనేనని మాత్రం రెండుసార్లు అన్నాడు.

తర్వాత బల్ల జరిపి నేల పలకలు లేపాం. వడ్రంగి మూడో పలక ఎత్తి, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కింద అద్దం ఉందన్నాడు. మూరెడు పొడుగున పాదరసం, దూలం పక్క గుంటలో, దుమ్ము కూడా అంటకుండా. ఒక్క నాన్న సీసా కాదది. అంతకు ముందు పనిచేసినవాళ్లు పోగొట్టింది కూడా అయ్యుంటుంది, ఎన్నేళ్లదో. వీధిలో లారీ పోతే ఆ మడుగు అంతా జలదరించి, అంచుల నుంచి చిన్న చిన్న గోళీలు విడిపోయి మళ్లీ దొర్లుకుంటూ వచ్చి కలిశాయి. నువ్వు రాసిన ఆ చప్పుడే. చెవులారా విన్నాను.

ముగ్గురం వంగి చూశాం. ముగ్గురి మొహాలూ అందులో కనిపించాయి. నీకు అబద్ధం చెప్పను, నాలుగోది ఉందేమోనని లెక్కపెట్టాను.

లేదు. లేదని తెలిశాక ఆ దూలం మీదే కూచుండిపోయాను. నీ గురించి కాదు అక్కా, నాన్న గురించి. ఆయన ముప్పై ఏళ్లు దీని మీద కూచుని పనిచేశారు. చెయ్యి వణుకుతుంటే ముసలితనం అనుకున్నాం. ఎవరొచ్చినా అలమర వెనక దాక్కుంటుంటే చాదస్తం అనుకున్నాం. అమ్మ కనిపిస్తోందంటే అందరి ముందూ నేనేమన్నానో నీకు తెలుసు. ఆయన్ని ఒక నెల రోజులు ఆ గది బయట ఉంచి ఉంటే చాలునేమో. ఆ మాట డాక్టర్ని అడుగుదామని వెళ్లి, అడక్కుండా వచ్చేశాను.

తమ్ముడు


మే 21

పిచ్చుకా,

నిన్న సొంతంగా బొత్తాలు పెట్టుకున్నాను. ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, మధ్యలో రెండుసార్లు ఆగాను అంతే. చిగుళ్లు మానాయి. వచ్చే వారం ఇంటికి పంపిస్తారట. చెయ్యి కొద్దిగా అలాగే ఉండిపోవచ్చని, మిగిలినదంతా సర్దుకుంటుందని డాక్టరు చెప్పింది. ఆ గదిలోకి మాత్రం మళ్లీ పోకూడదు. సూపర్వైజరు ఇద్దరు కొత్తవాళ్లని తీసుకున్నాడట, పై అంతస్తులో, సిమెంటు నేల మీద. వాళ్లకి నేర్పడానికి రోజుకి రెండు గంటలు రమ్మన్నాడు. ఇప్పుడు మూడు గొట్టాలు పెడుతున్నారట, ఒకదాన్ని ఒకటి కనిపెట్టుకుని ఉండేలా. మంచి పని.

నాన్న రావడం మానేశారు. ఏ రోజు మానేశారో కూడా చెప్పగలను, ఏప్రిల్లో రెండో మంగళవారం. ఆ రోజు నర్సు నాకు బాగయిందని చాలా సంతోషించింది. నేను మొహం గోడకి తిప్పుకుని ఏడ్చాను. మొదటిసారి పోయినప్పుడు నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు.

నువ్వు డాక్టర్ని అడక్కుండా వచ్చిన ప్రశ్న నేను అడిగాను. చెప్పలేమంది. అంతకంటే నిజం ఇంకెవరూ చెప్పలేరు. ఆ సీసా పగిలినప్పుడు నాకు పదిహేడేళ్లు. పాదరసం మంచిది కాదని బడిలో చదువుకున్నదాన్ని. అయినా నోరు మూసుకున్నాను. కాబట్టి ఆ బరువంతా నువ్వొక్కడివే ఎత్తుకోకు.

ఇంకొకటి రాయాలి. ఇది రాయడానికే చెయ్యి కుదురుకునేదాకా ఆగాను.

నీ మీద కోపం లేదని, నువ్వు అన్నది నిజమేనని, ఒకసారి రమ్మని నాన్న అన్నట్టు ఫిబ్రవరిలో నీకు రాశాను. అదీ పాదరసం పలికించిందే అనుకునుంటావు. కాదు. కుర్చీలోని ఆయన అన్న మిగతావన్నీ నాకు పుట్టినవే. ఈ ఒక్కటి మాత్రం నిజంగా నాన్న అన్నది. ఆరేళ్ల కిందట, చివరి వారంలో, మంచం మీద, పూర్తి తెలివితో. "వాడు అన్నది నిజమేనే, నాకు మతి పోయింది. ఒకసారి రమ్మను." రెండు రోజులు వరసగా అడిగారు. రాశావా అంటే, రాశానన్నాను.

రాయలేదు. అందరి ముందూ ఆయన్ని అలా అని వెళ్లిపోయినవాడు పిలిపించుకుని రావాలా, తనంత తనే రావాలి గానీ అనుకున్నాను. మూడో రోజు ఉదయం ఆయన పోయారు. నీకు రాసిన ఉత్తరంలో పోయారని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలో చెబుదామనుకున్నాను. మఫ్లరు కట్టుకో, మూత బిగించు అని రాస్తూ వచ్చాను.

ఆ పిలుపు నీకు చేరడానికి నాకు మతి పోవలసి వచ్చింది. ఇప్పుడు తెలివిలో ఉండి మళ్లీ రాస్తున్నాను. నాన్న నిన్ను రమ్మన్నారు. ఇది నిజం.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. కానీ ఉత్తరంలో రాయకు. వచ్చి, నా ఎదురుగా కూచుని కోప్పడు.

అక్క